గుమాస్తా లెక్కలు: గాలిలో గంటలు, వాకిట గంటలు

కిందటి నెల సంఘం కూటంలో ఒక పిల్లవాడు మమ్మల్ని అడిగాడు: "బెంగుళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు విమానం తూర్పుగా పోతుందా మామా, పడమరగా పోతుందా?" రెండూ కాదు, దగ్గరదారి ఉత్తరానికి అన్నాము. వాడు నవ్వాడు. గ్లోబు తెప్పించి, రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూపాము. బెంగుళూరు తూర్పున సుమారు 78వ రేఖాంశం దగ్గర, శాన్ ఫ్రాన్సిస్కో పడమట 122వ దాని దగ్గర ఉన్నాయి. అంటే భూమికి ఇంచుమించు ఈ ప్రక్క ఒకటి, ఆ ప్రక్క ఒకటి. దారం ఉత్తర ధ్రువం ప్రక్కగా పోయింది. గోడపటం మీది తిన్నని గీత గుండ్రని భూమి మీద దగ్గరదారి కాదు. 2021 జనవరిలో ఎయిరిండియా వారు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఎక్కడా దిగకుండా తొలి విమానం నడిపినప్పుడు, అది ధ్రువ ప్రాంతం మీదుగానే సుమారు 14,000 కిలోమీటర్లు, దాదాపు 17 గంటలలో వచ్చింది. నడిపినవారందరూ స్త్రీలే.

ఆ 17 గంటల మాటే మరుసటి యేడు మా కినత్తుకడవులో ఒక ఇంటివారిని చిక్కులో పెట్టింది. డిసెంబరులో ఒక శనివారం తెల్లవారి 6 గంటలకు ఆ ఇంటి పెద్దామె కన్నుమూసింది. ఒక్కడే కొడుకు, ఆ ఊళ్లోనే ఉద్యోగం. అక్కడ అప్పటికి శుక్రవారం సాయంత్రం నాలుగున్నర. "17 గంటలే గదా, రాత్రికే వస్తాడు, రేపు ఉదయం ఎత్తుదాం" అన్నారు వచ్చినవారు. పెద్దాయన మావైపు తిరిగి, "నువ్వు లెక్కల మనిషివి, సరిగ్గా చూసి చెప్పు నాయనా" అన్నాడు.

అబ్బాయితో ఫోనులో మాట్లాడి లెక్క వేశాము. నేరు విమానంలో చోటు లేదు. టిక్కెట్టు దొరికి విమానం కదిలేసరికి 8 గంటలు. దుబాయి మీదుగా రెండు విమానాలలో 20. నడుమ కాచుకోవటం 3. బెంగుళూరులో బయట పడటానికి 1. అక్కడ నుంచి కారులో మన ఊరికి 8. మొత్తం 40 గంటలు. ఆదివారం రాత్రి 10. దీపాలు పెట్టాక దహనం లేదు గనుక సోమవారం ఉదయమే.

కొందరు గొణిగారు. పెద్దాయన మాత్రం, "కరోనా అని మూడేళ్లు వాడికోసం చూసింది. ఇంకో రెండు రాత్రులు చూస్తుందిలే" అని, పొల్లాచ్చికి ఐసు పెట్టె కోసం మనిషిని పంపాడు.

అబ్బాయి ఆదివారం రాత్రి 11కు వచ్చాడు. మా లెక్క గంట తప్పింది. తల్లి ముఖం మాత్రం చూశాడు.

పిల్లలు దూరదేశాల్లో ఉన్న ఇండ్లవారికి మా మనవి ఒక్కటే. గాలిలో గంటలు కాదు, వాకిలి నుంచి వాకిలికి గంటలు ఇప్పుడే లెక్కవేసి, క్యాలెండరు వెనుక వ్రాసి పెట్టుకోండి. పాసుపోర్టుకు గడువు ఉన్నదో లేదో ఫోనులో అడగండి. ఆ లెక్క ఏడుపుల నడుమ వేసేది కాదు.