"రేపటి సంది రాకు"

జనగామ దగ్గర ఒక రైస్ మిల్లులో ఏడేళ్ళు వడ్లు ఆరబోసి, ఊడ్చి, సంచులు కుట్టిన ఒక అక్క ఈ మధ్య నన్ను కలిసింది. ఓ సాయంత్రం గుమస్తా "రేపటి సంది రాకు" అన్నాడట. అంతే. "కాయితమేం ఇయ్యలే. కాయితం లేకుంటే తీసేసినట్టెట్లయితది?" అని నన్నే అడిగింది.

నోటిమాటతో తీసేసినా తీసేసినట్టే. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన మనిషిని ఆమె తప్పేమీ లేకుండా మానిపించాలంటే నెల ముందు నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. దానిపైన పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం పరిహారం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ హక్కు, 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. రోజుకూలి 300 చొప్పున ఆమెకు 31,500 రూపాయలు రావాలి. నోటీసు లేనందుకు ఇంకో నెల జీతం. గుమస్తా చేతిలో పెట్టింది రెండు వేలు! పైగా తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు.

ఆ 240 రోజుల దగ్గరే మన ఆడవాళ్ళు ఓడిపోతున్నారు. జీతంతో ఇచ్చే వారపు సెలవులు, పండుగ సెలవులు, ప్రసూతి సెలవు కూడా ఈ లెక్కలోకి వస్తాయని చాలామందికి తెలియదు. రుజువు చేసుకోవాల్సింది మాత్రం పనిచేసినవాళ్ళేనని సుప్రీంకోర్టు 2002లో అంది. హాజరు పుస్తకం యజమాని బీరువాలో ఉంటే ఈమె ఎక్కడినుంచి తెస్తుంది? ఆ తీర్పు చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. 2005లో అదే కోర్టు కొంత సర్దింది. పుస్తకాలు తెప్పించమని కార్మికురాలు అడగవచ్చు, యజమాని దాచిపెడితే అది అతనికే చేటు కావచ్చు. అందుకే కూలి తీసుకున్న రోజు తేదీ రాసిపెట్టుకోండి. రాయరాకపోతే పిల్లలతో రాయించండి. పి.ఎఫ్. నంబరు, ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే భద్రం.

2019 అక్టోబరులో సమ్మెకు దిగిన దాదాపు 48 వేలమంది ఆర్టీసీ కార్మికులు తమను తామే తొలగించుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి డిపోలూ ఆ సమ్మెలో ఉన్నాయి. అదీ నోటిమాటే. నవంబరు చివర వాళ్ళను తిరిగి పనిలోకి తీసుకోక తప్పలేదు. వాళ్ళకు సంఘాలున్నాయి. మిల్లు గేటు బయట ఈమె ఒక్కతే.

ఫిర్యాదు కార్మిక శాఖ అధికారికి ఇవ్వాలి. పాత చట్టంలో మూడేళ్ళ గడువుండేది, కొత్త కోడ్‌లో రెండేళ్ళే. ఆమెను మానిపించి మూడు నెలలైంది. ఇన్నాళ్ళూ కాగితం వస్తుందని ఎదురుచూసింది. సోమవారం ఇద్దరం జనగామలోని ఆ ఆఫీసుకు వెళ్తున్నాం.