30 ఏళ్ల పోకెమాన్ ఆట తీరు మారాలా?

ఒక చిన్న ఊరు. తెల్లవారింది. ఇంట్లోంచి బయటికొచ్చిన పిల్లవాడికో పిల్లకో ఒక ప్రొఫెసర్ మూడు జీవులను చూపించి ఒకదాన్ని ఎంచుకోమంటాడు. ఒకటి గడ్డి రకం, ఒకటి నిప్పు రకం, ఒకటి నీటి రకం. ఆ జీవిని వెంటబెట్టుకుని ఊరూరా తిరగాలి, కొత్త జీవులను పట్టాలి, ఎనిమిది జిమ్‌లలో గెలిచి ఎనిమిది బ్యాడ్జీలు సంపాదించాలి. దారిలో ఒక దుష్ట ముఠా అడ్డం పడుతుంది. చివర్లో నలుగురు మేటి ఆటగాళ్లు, వాళ్ల పైన ఒక ఛాంపియన్. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్ బాయ్ కోసం విడుదలైన 'పోకెమాన్ రెడ్', 'గ్రీన్' ఆటల తీరు ఇది. 2022 నవంబరులో నింటెండో స్విచ్ కోసం వచ్చిన 'స్కార్లెట్', 'వయొలెట్' ఆటల్లో కొత్త దారులు కొన్ని కలిసినా, వెన్నెముక ఇదే. ఈ మధ్యకాలంలో జీవుల సంఖ్య మాత్రం 151 నుంచి వెయ్యి దాటింది.

ఈ చట్రం మారాలా, వద్దా అన్న చర్చ కొత్త భాగం వచ్చిన ప్రతిసారీ మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి ఆడుతున్నవాళ్లు విసుగొస్తోందంటారు. అమ్మకాలు చూస్తే ఆ విసుగు జాడ కనిపించదు. 'స్కార్లెట్', 'వయొలెట్' కలిపి మొదటి మూడు రోజుల్లోనే కోటి కాపీలు అమ్ముడయ్యాయని నింటెండో ప్రకటించింది. అంత గిరాకీ ఉన్న సరుకును ఏ సంస్థ మాత్రం ఎందుకు మారుస్తుంది?

పాత ఆటగాళ్ల విసుగు నిజమైనదే. అయితే దాని బరువెంతో తూచి చూడాలి. ఒకే ప్రేరణ పదేపదే ఎదురైతే స్పందన తగ్గిపోవడం జంతువులన్నిటిలో కనిపించే అతి సాధారణమైన అభ్యసనం. సముద్రంలో ఉండే అప్లీసియా అనే నత్తజాతి జీవిని మెల్లగా తాకుతూ పోతే కాసేపటికి అది మొప్పలను ముడుచుకోవడం తగ్గించేస్తుంది. ఈ జీవిపై చేసిన పరిశోధనలతోనే ఎరిక్ కాండెల్ 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. పాతికేళ్లుగా ఆడుతున్న వ్యక్తికి తొమ్మిదో జిమ్ పరంపర చప్పగా ఉండటంలో వింతేమీ లేదు. ఎనిమిదేళ్ల పిల్లకు అదే మొదటిది. ఏడు చేపల కథ పెద్దవాళ్లకు విసుగని ఎవరూ దాన్ని తిరగరాయరు. వినడానికి ఎప్పుడూ కొత్త పిల్లలు ఉంటారు. కాబట్టి పాతవాళ్లకు మొహం మొత్తిందన్న కారణం ఒక్కటే మార్పుకు చాలదు.

మార్పు కోరడానికి అంతకంటే గట్టి కారణం ఆట పుట్టుకలోనే ఉంది. దీన్ని రూపొందించిన సతోషి తజిరి టోక్యో శివార్లలోని మచిదాలో పెరిగారు. చెరువుగట్లూ చెట్లూ ఉన్న ఆ ప్రాంతంలో పురుగులు పట్టడం ఆయనకు చిన్ననాటి పిచ్చి. తొలకరి వానకు బయటికొచ్చే ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో దాచుకున్న తెలుగు పిల్లలకు ఆ పిచ్చి ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. నగరం విస్తరించి ఆ చెరువులూ పొలాలూ మాయమయ్యాక, పురుగుల వేటలోని ఆనందాన్ని కొత్త పిల్లలకు తెర మీదైనా అందించాలన్నది ఆయన తలంపు. రెండు గేమ్ బాయ్‌లను కలిపే తీగను చూస్తే దాని మీదుగా పురుగులు పాకుతున్నట్టు తోచిందని ఆయన చెప్పిన సంగతి ప్రసిద్ధం.

పురుగులు పట్టే పిల్లవాడు చేసే పని ఏమిటి? ఏ పురుగు ఏ చెట్టు మీద, ఏ వేళలో దొరుకుతుందో గమనిస్తాడు. ఒక ఊహ చేస్తాడు. మర్నాడు వెళ్లి సరిచూసుకుంటాడు. తప్పితే ఊహ మార్చుకుంటాడు. పేరు పెట్టకపోయినా అది ప్రకృతి శాస్త్రమే. తొలి పోకెమాన్ ఆటల్లో ఈ పని పుష్కలంగా ఉండేది. నిప్పు గడ్డిని కాలుస్తుంది, గడ్డి నీటిని పీలుస్తుంది, నీరు నిప్పును ఆర్పుతుంది అన్నంతవరకు ఎవరైనా పట్టేస్తారు. మరి విద్యుత్తు రాతి మీద పనిచేస్తుందా? పురుగు రకానికి దెయ్యం రకం లోకువా? వేసి చూస్తేనే తెలిసేది. అప్పట్లో రకాలు 15. ఇప్పుడు 18. అంటే దాడి చేసే రకానికీ కాచుకునే రకానికీ మధ్య 324 గళ్ల పట్టిక.

ఎవరూ అందరికంటే బలవంతులు కాని ఈ చక్రం కల్పన మాత్రమే కాదు. పోకెమాన్ వచ్చిన 1996లోనే బారీ సినెర్వో, కర్టిస్ లైవ్లీ అనే శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో కాలిఫోర్నియాలోని ఒక చిన్న బల్లి గురించి రాశారు. నారింజ రంగు గొంతున్న మగబల్లులు దూకుడుగా నీలం గొంతు వాటి జాగాలోకి చొరబడతాయి. పసుపు గొంతువి ఆడబల్లుల్లా కనిపిస్తూ నారింజ వాటి జాగాలోకి దొంగచాటుగా దూరతాయి. నీలం గొంతువి జోడీని దగ్గరుండి కాపలా కాస్తాయి కనుక పసుపు వాటి ఎత్తు అక్కడ పారదు. ఏ రంగూ శాశ్వతంగా గెలవదు, అందుకే మూడూ మిగిలాయి. చక్రం తెగితే ఏమవుతుందో కూడా ఆట తన అనుభవంలోనే చూసింది. తొలి ఆటల్లో మానసిక శక్తి గల సైకిక్ రకానికి సరైన శత్రువు లేకుండా పోయింది. దాన్ని దెబ్బతీయాల్సిన దెయ్యం రకం దాడి ప్రోగ్రామింగ్ పొరపాటు వల్ల అసలు పనిచేసేది కాదు. దాంతో ఎవరి జట్టులో చూసినా సైకిక్ జీవులే. 1999లో వచ్చిన 'గోల్డ్', 'సిల్వర్' ఆటలు చీకటి, ఉక్కు అనే రెండు రకాలను కొత్తగా చేర్చి ఆ తూకాన్ని సరిచేశాయి. ఈ చక్రం ఆటకు ప్రాణం. దాని జోలికి వెళ్లకూడదు.

పాడైంది మరోచోట. 2016లో వచ్చిన 'సన్', 'మూన్' ఆటల నుంచి, ఒకసారి ఎదురైన జీవి మళ్లీ కనబడితే చాలు, ఏ దాడి దానిపై ఎంత పనిచేస్తుందో మెనూలోనే రాసి ఉంటుంది. 2019 నాటి 'స్వోర్డ్', 'షీల్డ్'లో పోరాడిన జీవికే కాక జట్టులోని అన్నిటికీ అనుభవం దానంతట అదే పంచబడుతుంది, వద్దనుకున్నా ఆపే వీలు లేదు. ఎటు వెళ్లాలో మ్యాప్ మీద గుర్తు పెట్టి ఉంటుంది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే మంచి సౌకర్యమే. అన్నీ కలిసేసరికి, ఊహించి సరిచూసుకోవాల్సిన చోట ఆడేవాళ్లు మెనూలో రాసి ఉన్నదాన్ని నొక్కుకుంటూ పోతున్నారు. పరీక్షకు ముందే జవాబుల పేపరు చేతికిచ్చినట్టుంది.

చిన్నపిల్లలకు ఈ సాయం అవసరమన్న వాదన తోసిపుచ్చదగినది కాదు. 324 గళ్లు కంఠతా పట్టడం సైన్సు కాదు, ఎక్కాల బట్టీ. అయినా సాయం చేయడానికీ జవాబు చెప్పేయడానికీ మధ్య చాలా దారి ఉంది. ఆడేవారు ఒక రకం జీవి మీద ఒక రకం దాడిని స్వయంగా వేసి చూశాకే ఆ గడి మెనూలో నిండేలా చేయవచ్చు. గుర్తుపెట్టుకునే భారం ఆట మోస్తుంది, కనుక్కునే పని పిల్లలకు మిగులుతుంది. ఇందుకు కొత్త కన్సోలూ అక్కర్లేదు, కొత్త గ్రాఫిక్సూ అక్కర్లేదు.

నిజానికి తయారీదారు గేమ్ ఫ్రీక్ ఈ దారిలో ఒకసారి చాలా దూరం నడిచింది. 2022 జనవరిలో వచ్చిన 'లెజెండ్స్: ఆర్సియస్'లో జిమ్‌లు లేవు. పూర్వకాలపు ప్రాంతం, అక్కడి జీవులను సర్వే చేసే బృందం, అందులో ఒక కొత్త ఉద్యోగి. ఆ ఆటలో జీవిని ఒకసారి పట్టినంత మాత్రాన దాని పేజీ పూర్తి కాదు. ఎన్నిటిని పట్టారు, పగలు పట్టారా, అది ఫలానా దాడి చేయగా ఎన్నిసార్లు చూశారు, మేత వేశారా అన్న పనులు చేస్తూ పోవాలి. గడ్డిలో నక్కి కూర్చోవాలి. కొన్ని జీవులు మనిషిని చూడగానే పారిపోతాయి, కొన్ని మీదపడతాయి. మొత్తం పరంపరలో తజిరి చిన్ననాటి చెరువుగట్టుకు అన్నిటికంటే దగ్గరగా వచ్చిన ఆట ఇదే. విచిత్రమేమిటంటే అదే ఏడాది చివర వచ్చిన ప్రధాన ఆట ఈ పాఠాన్ని పట్టించుకోలేదు. 'స్కార్లెట్', 'వయొలెట్' ఎల్లలు లేని మైదానాన్ని ఇచ్చాయి; ఎటైనా వెళ్లవచ్చన్నాయి. కానీ జిమ్‌ల లెవెల్స్ ముందే స్థిరంగా ఉన్నాయి, కాబట్టి ఆడేవారి దారి చివరికి పాత వరుసలోకే వస్తుంది. తెర మీద బొమ్మ ఆగి ఆగి కదలడం వంటి సాంకేతిక లోపాలు ఆ విస్తీర్ణానికి చెల్లించిన మూల్యం. 2025 అక్టోబరు నాటి 'లెజెండ్స్: జడ్-ఎ' పోరాటాన్ని వంతులవారీ పద్ధతి నుంచి తప్పించి అప్పటికప్పుడు సాగేలా మార్చింది. బాగానే ఉంది, వేగం పెరిగింది. పరిశీలన మాత్రం మళ్లీ వెనక్కు జరిగింది. 'సన్', 'మూన్'లో జిమ్‌లు తీసేసి, మూడేళ్లకే తిరిగి తెచ్చినప్పుడూ ఇదే కథ. పైపై తొడుగు మారుతోంది, లోపలి పని పలచబడుతోంది.

వినోదం కోసం ఆడే ఆట నుంచి ఇంత ఆశించడం అతిగా అనిపించవచ్చు. 2002లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆ అనుమానాన్ని కొంత తీరుస్తుంది. ఆండ్రూ బామ్‌ఫర్డ్ నాయకత్వంలో కేంబ్రిడ్జ్ పరిశోధకులు 109 మంది బ్రిటిష్ బడిపిల్లలకు స్థానిక జంతువులూ మొక్కల బొమ్మలు కొన్ని, పోకెమాన్ బొమ్మలు కొన్ని చూపించారు. ఎనిమిదేళ్ల పిల్లలు పోకెమాన్ జీవుల్లో 78 శాతాన్ని గుర్తుపట్టారు. నిజమైన జీవుల్లో 53 శాతాన్నే. పిల్లలకు జీవులను నేర్చుకునే శక్తి అపారంగా ఉంది, దాన్ని ఆకట్టుకోవడంలో ప్రకృతి సంరక్షకులు వెనకబడ్డారన్నది ఆ పరిశోధకుల బాధ. 2019లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు, చిన్నతనంలో ఈ ఆటను బాగా ఆడిన 11 మంది పెద్దవాళ్ల మెదళ్లను ఎంఆర్ఐలో పరిశీలించారు. చూపుకు సంబంధించిన భాగంలో ఒకే చోట, పోకెమాన్ బొమ్మలకు ప్రత్యేకంగా స్పందించే ప్రాంతం వాళ్లలో కనిపించింది. ఆడని వాళ్లలో అలా లేదు. మెదడులో ఇంత చోటు పొందే ఆట, ఆ చోటును దేనితో నింపుతోందన్నది అడగవలసిన ప్రశ్నే.

నింపడానికి సరుకు దగ్గర లేక కాదు. ఆటలో 'పరిణామం' అని పిలిచేది నిజానికి పరిణామం కాదు. కాటర్పీ అనే గొంగళిపురుగు మెటాపాడ్ అనే ప్యూపాగా, తర్వాత బటర్‌ఫ్రీగా మారడాన్ని జీవశాస్త్రం రూపవిక్రియ అంటుంది. పరిణామం ఒక జీవికి కాదు, తరతరాల మీద ఒక సమూహానికి జరిగేది. ఈ తప్పును 30 ఏళ్లుగా మోస్తున్న పరంపరే, 'సన్', 'మూన్'లో పరిణామం అన్న మాట వాడకుండానే దాని ఛాయల్లో నడిచే కథ చెప్పింది. హవాయిని పోలిన అలోలా దీవుల్లో రట్టాటా అనే ఎలుకలు విపరీతంగా పెరిగితే, వాటిని అదుపు చేయడానికి బయటి నుంచి యంగూస్ అనే ముంగిస వంటి జీవిని తెస్తారు. రట్టాటాలు పగలు తిరగడం మాని రాత్రి జీవులవుతాయి, పట్టణాల్లో చేరతాయి, రంగు నల్లబడుతుంది. ఆటలో ఆ దారిన పగలు వెళ్తే యంగూస్, రాత్రి వెళ్తే రట్టాటా.

ఇది అసలు హవాయిలో జరిగిన ఘటనకు నీడ. చెరకు తోటలను పాడుచేస్తున్న ఎలుకల కోసం 1883లో అక్కడికి ముంగిసలను తెచ్చారు. అవి జమైకా నుంచి వచ్చాయి. జమైకాకు 1872లో కోల్‌కతా నుంచి వెళ్లాయి. అంటే హవాయి ముంగిస భారతదేశపు ముంగిస సంతతే. అది పగలు వేటాడుతుంది, ఎలుకలు రాత్రి తిరుగుతాయి. ఎలుకలు తగ్గలేదు, నేలమీద గూడు కట్టే స్థానిక పక్షుల గుడ్లు, పిల్లలు ముంగిసల పాలయ్యాయి. ఒక జీవిని మరో చోటికి తరలిస్తే ఏమవుతుందో చెప్పడానికి పాఠ్యపుస్తకాల్లో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆటలో మాత్రం ఇది రెండు మూడు వాక్యాల వివరణగా మిగిలింది. ఏ వేళకు ఏది కనిపిస్తుందో ఆడేవారే లెక్కగట్టి, కారణం తామే ఊహించి తేల్చుకునేలా ఒక అధ్యాయం అల్లివుంటే ఎలా ఉండేది? 'స్వోర్డ్', 'షీల్డ్'లో తెల్లబోయిన కోర్సోలా అనే పగడపు జీవి సంగతీ అంతే. పగడపు దిబ్బలు వెలిసిపోవడం గురించి అంత మంచి బొమ్మ గీసి, దాని చుట్టూ ఆడటానికి ఏమీ పెట్టలేదు.

పోకెమాన్ కార్టూన్‌ను టీవీలో చూసి పెరిగిన పిల్లలు భారత్‌లో లక్షల్లో ఉన్నారు. ఫోన్‌లో ఆడే 'పోకెమాన్ గో' 2023లో హిందీలోకి వచ్చింది, జీవుల పేర్లతో సహా. ప్రధాన ఆటలు మాత్రం జపనీస్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్, కొరియన్, చైనీస్ భాషల్లో దొరుకుతాయి గానీ ఏ భారతీయ భాషలోనూ లేవు. బొమ్మలూ మెనూ బటన్లూ చూసి ఆట ముగించేయవచ్చు. ఒక జీవి ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు మారింది అన్నదంతా చదవాల్సిన చోట ఉంది. ఇంగ్లిష్ కూడబలుక్కుని చదివే పిల్ల ఆ పేజీని దాటేసి తర్వాతి జిమ్‌కు వెళ్లిపోతుంది. కోల్‌కతాలో ఓడెక్కిన ముంగిస కథ ఆ పేజీలోనే ఉండిపోతుంది.