ఒక్కరే లాడ్‌బజార్‌కు!

పాతబస్తీ బజారుకు ఆడపిల్ల ఒక్కతే ఎలా వెళ్తుంది? బిచ్కుందలోనైనా, బాన్సువాడలోనైనా ఇంట్లో ముందు వచ్చే ప్రశ్న ఇదే. పట్టపగలు, దారి తెలుసుకుని వెళ్తే అంత బెంగ అక్కర్లేదు.

హైదరాబాద్ ఎంజీబీఎస్ నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటండి. పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాలు, చార్‌కమాన్, గుల్జార్‌హౌజ్ చూసుకుంటూ నడిస్తే ఎదురుగా 1591 నాటి చార్మినార్. దానికి పడమటి వీధే లాడ్‌బజార్. మరాఠీ, కన్నడం, ఉర్దూ కలగలిసి వినిపించే మన సరిహద్దు ఊళ్ల వాళ్లకు అక్కడి దక్కనీ మాట కొత్తేమీ కాదు.

పదిమందితో వెళ్తే హడావుడే తప్ప ఏమీ చూడలేం. ఒక్కరే అయితే తీరిగ్గా నిలబడి గాజు తయారవడం చూడొచ్చు. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి, ఒక్కో రాయినీ చేత్తో అద్దుతారు. ఈ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు దక్కింది. ఆ పని చూశాక సగం ధరకు అడగడానికి నోరు రాదు. బేరం ఆడండి, కానీ చేసినవాళ్లకు కూలి గిట్టేలా ఆడండి.

పొద్దు వాలకముందే తిరుగు బస్సు ఎక్కండి. ఈసారి అమ్మకు మీరే దారి చూపిస్తారు!