కుడికా, మధ్యకా? వాకాడు నుంచి చూస్తే

దసరా సెలవులకి మా పెద్దమ్మ కొడుకు కెనడా నుంచి వచ్చాడు. బ్రాంప్టన్‌లో ఉంటాడు. పీఆర్ ఉంది, ఓటు లేదు. అయినా అక్కడి రాజకీయాలు మాట్లాడకుండా అన్నకి ఒక్క పూట గడవదు. తూపిలిపాళెం బీచ్‌లో కూర్చుని గంటసేపు నాకు కెనడా కన్సర్వేటివ్ పార్టీ క్లాసు పీకాడు.

కథ ఏందంటే, ఎరిన్ ఓటూల్ అనే ఆయన 2020లో నేనే అసలైన కన్సర్వేటివ్‌ని అని చెప్పుకుని పార్టీ నాయకుడయ్యాడు. 2021 ఎలక్షన్లకి మాత్రం మధ్యకు జరిగాడు. అంతకుముందు వద్దన్న కార్బన్ ధరని కూడా ఏదో ఒక రూపంలో ఒప్పుకున్నాడు. దేశం మొత్తం మీద లిబరల్స్ కంటే ఓట్లు కొంచెం ఎక్కువే వచ్చాయి కానీ సీట్లు 119, వాళ్ళకి 160. కొన్ని నెలలకే, 2022 ఫిబ్రవరిలో, సొంత ఎంపీలే ఆయన్ని దించేశారు. తర్వాత వచ్చిన పియేర్ పోలియేవ్ కుడివైపు గట్టిగా నిలబడ్డాడు. 2025 ఏప్రిల్‌లో పార్టీకి 41 శాతం ఓట్లు తెచ్చాడు. అయినా ఓడిపోయాడు, తన సొంత సీటు కూడా పోగొట్టుకున్నాడు.

"మధ్యకెళ్ళినా ఓడారు, కుడికెళ్ళినా ఓడారు. ఇప్పుడు ఏం చెయ్యాలిరా?" అన్నాడు అన్న.

నాకు కెనడా గురించి ఏం తెలుసు? కానీ ఈ ప్రశ్న ఎక్కడో విన్నట్టే ఉందనిపించింది. హాస్టల్‌కి తిరిగొచ్చాక గుర్తొచ్చింది. మా బ్లాక్‌లో ఆంధ్రా బీజేపీ గురించి ప్రతి ఎలక్షన్ రిజల్ట్ తర్వాతా జరిగే గొడవ ఇదే. "హిందూత్వ మీద గట్టిగా నిలబడితేనే ఎదుగుతారు" అని ఒకడు. "ఇది యూపీ కాదబ్బా, ఇక్కడ అది నడవదు" అని ఇంకొకడు. మెస్‌లో సాంబారు చల్లారిపోతుంది, వాదన మాత్రం చల్లారదు.

ముందే ఒక మాట. నేను ఏ పార్టీ కాదు. మా తాతకి చివరిదాకా హస్తం తప్ప వేరే గుర్తు కనపడలేదు, నేదురుమల్లి జనార్దనరెడ్డి మా ఊరాయన కదా మరి. మా నాన్న ఫ్యాను. అమ్మ సైకిల్. 2024లో నాకు ఇంకా 18 నిండలేదు, కాబట్టి నా వేలికి ఇంతవరకు సిరా అంటలేదు. మొదటి ఓటు వేసే ముందు ఆలోచించుకుంటున్నవాడి మాటలుగా ఇవి తీసుకోండి. ఇంగ్లీష్ మీడియంలో చదివాను, తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఆంధ్రాలో బీజేపీ మధ్యకే రావాలి. కానీ పొత్తు పెట్టుకోవడమే మధ్యకు రావడం అనుకుంటే మోసపోతుంది.

దీనికి సాక్ష్యం కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. వాకాడు గూడూరు అసెంబ్లీ కిందకి, తిరుపతి లోక్‌సభ కిందకి వస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని తిరుపతి జిల్లాలో వేశారు గానీ మేం నెల్లూరోళ్ళమే, అది వేరే గొడవ. ఎస్సీ రిజర్వుడ్ అయిన ఈ ఒక్క లోక్‌సభ సీటులోనే బీజేపీ అన్ని రకాల ప్రయోగాలూ చేసేసింది. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ కేసులన్నీ ఇక్కడే రన్ అయ్యాయి.

మొదటిది 1999. టీడీపీతో పొత్తు, పైన వాజ్‌పేయి. తిరుపతిలో బీజేపీ అభ్యర్థి గెలిచాడు. అవును, కమలం గుర్తు మీదే గెలిచాడు. ఇది చెబితే మా బ్యాచ్‌లో సగం మంది నమ్మలేదు.

రెండోది 2019. పొత్తు లేదు. ప్రత్యేక హోదా బదులు ప్యాకేజీ అన్నందుకు రాష్ట్రమంతా కోపంగా ఉంది. మా సీటులో బీజేపీకి నోటా కంటే తక్కువ ఓట్లు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద కూడా ఒక్క శాతం దాటలేదు.

మూడోది 2021 ఏప్రిల్ ఉప ఎన్నిక. జనసేన మద్దతు ఉంది. అంతకుముందు కొన్ని నెలల్లోనే అంతర్వేది రథం తగలబడటం, రామతీర్థంలో రాముడి విగ్రహం ధ్వంసం కావడం జరిగాయి. హిందువులకి బాధ కలిగిన మాట నిజం. పార్టీ ఆ బాధనే ప్రచారం చేసుకుంది. ఓటు బైబిల్‌కా భగవద్గీతకా అన్నంత దూరం పోయింది. వెంకన్న కొండ ఉన్న సీటు, దేవుడి పేరు మీద ఓటు అడగడానికి ఇంతకంటే మంచి చోటు దేశంలో ఎక్కడుంది? ఫలితం: సుమారు 5 శాతం ఓట్లు, డిపాజిట్ గల్లంతు.

అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. నా పక్క బెంచీవాడి ఇంట్లో ఆదివారం చర్చికి పోతారు. వాళ్ళమ్మ శనివారం వెంకన్నకి దండం పెట్టుకునే మా అమ్మతో కలిసే పొదుపు సంఘం మీటింగులకి పోయేది. ఆ ప్రచారం విని ఆమె నవ్వి, "మా ఓటు వద్దని వాళ్ళే చెబుతుంటే మనం ఎందుకమ్మా బలవంతంగా ఇచ్చేది" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక పార్టీ మాట్లాడే ముందే కొన్ని ఇళ్ళ తలుపులు తనే మూసుకుంటే, ఆ తర్వాత ఎంత గట్టిగా పిలిచినా ఏం లాభం? గుడి మీద దాడి జరిగితే అడగాలి, తప్పకుండా అడగాలి. దోషిని పట్టుకోమని అడగడం వేరు, పక్కింటివాళ్ళని అనుమానంగా చూడమనడం వేరు. మా అమ్మకి కూడా ఆ తేడా తెలుసు.

నాలుగోది 2024. మళ్ళీ పొత్తు, ఈసారి టీడీపీ, జనసేన రెండూ. ఇక్కడే అసలు తమాషా. తిరుపతి లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ సీట్లుంటే ఏడూ కూటమే గెలిచింది. ఆరు టీడీపీ, ఒకటి జనసేన. కానీ ఎంపీగా నిలబడ్డ బీజేపీ అభ్యర్థి మాత్రం వైసీపీ చేతిలో 14 వేల చిల్లర ఓట్లతో ఓడిపోయాడు. అదే బూత్, అదే రోజు, అదే మనిషి. ఒక మిషన్ మీద సైకిల్ నొక్కి, పక్క మిషన్ దగ్గరికొచ్చేసరికి కమలం వదిలేసి ఫ్యాను నొక్కాడు. అందరూ కాదు, కానీ ఫలితం తారుమారు చేసేంత మంది.

అభ్యర్థి ఎలక్షన్ ముందే వైసీపీ నుంచి వచ్చాడు, ఆయనే గూడూరు సిట్టింగ్ ఎమ్మెల్యే, దాని ప్రభావం ఉండొచ్చు. ఒప్పుకుంటాను. అయినా పొత్తు ఓట్లు పూర్తిగా బదిలీ కాలేదనేది మాత్రం కళ్ళెదుట ఉంది. పొత్తు అంటే అద్దె ఇల్లు లాంటిది. ఉండటానికి బాగానే ఉంటుంది, కానీ ఇంటి ముందు పేరు మాత్రం ఓనర్‌దే.

ఇప్పుడు అవతలి వాదన. మా రూమ్మేట్ కరీంనగర్ వాడు, వాడికి ఈ విషయంలో నాకంటే ఎక్కువ తెలుసు. వాడి పాయింట్లు రెండు.

ఒకటి: 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీ పొత్తు లేకుండానే బీజేపీ 18 శాతం దాకా ఓట్లు తెచ్చుకుంది, నాలుగు ఎంపీ సీట్లు గెలిచింది. కరీంనగర్, సికింద్రాబాద్‌తో పాటు కోస్తాలో కాకినాడ, రాజమండ్రి కూడా. మరుసటి ఏడాదే పొత్తు పెట్టుకుంది. సీట్లు ఏడుకి పెరిగాయి, పార్టీ ఎదుగుదల ఆగిపోయింది. రెండు: తెలంగాణలో గట్టిగా మాట్లాడాకే పార్టీ పెరిగింది. 2020లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో 4 నుంచి 48కి, లోక్‌సభలో 2019లో 4, 2024లో 8.

మొదటి పాయింట్‌కి నా దగ్గర పెద్ద జవాబు లేదు. నిజమే. కాకపోతే 1998లో కోస్తా జనం ఓటేసింది ఎవరికి? స్థిరమైన ప్రభుత్వం ఇస్తాడని వాజ్‌పేయికి. అది మెత్తటి ముఖమే కదా. సొంతంగా నిలబడటానికి గట్టిగా అరవాల్సిన పనిలేదని ఆ ఎలక్షనే చెబుతోంది. రెండో పాయింట్‌కి వస్తే, తెలంగాణ చరిత్ర వేరు. నిజాం, రజాకార్లు, పాతబస్తీ, మజ్లిస్. ఆ జ్ఞాపకాలు అక్కడ ప్రతి ఇంట్లో ఉన్నాయి. మా సముద్రం ఒడ్డున అవి లేవు. ఒక సర్వర్ మీద నడిచిన కోడ్‌ని ఇంకో సర్వర్ మీద పెడితే నడవాలని రూలు లేదని సీఎస్‌ఈ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం మనం మర్చిపోతున్నాం. 'కుడి' అంటే మతం ఒక్కటే కాదు. 1959లో రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడు మన గుంటూరు జిల్లా ఎన్.జి.రంగా. సహకార వ్యవసాయం పేరుతో రైతు భూమి జోలికి రావద్దు, లైసెన్సుల రాజ్యం వద్దు అన్నారు. అది కుడి పార్టీయే, కానీ మతం పేరుతో ఓటు అడగలేదు. 1967లో దేశంలో 44 ఎంపీ సీట్లతో పెద్ద ప్రతిపక్షం అయింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 29 సీట్లు. అంటే రైతు పక్షాన మాట్లాడే కుడికి ఈ నేల మీద ఒకప్పుడు చోటుంది. 1971లో ఇందిరాగాంధీని ఓడించడమే పనిగా అన్ని రకాల పార్టీలతో కూటమి కట్టి 8 సీట్లకి పడిపోయింది, 1974లో వేరే పార్టీలో కలిసిపోయింది. తన మాట వదిలేసి కూటమిలో కరిగిపోతే ఏమవుతుందో అది కూడా చూపించింది.

మరి మధ్యకు రావడం అంటే ఏంది? నా లెక్కలో, ఇక్కడి మనిషి అడిగే ప్రశ్నకి జవాబు చెప్పడం. వాకాడులో ఆ ప్రశ్నలు చాలా మామూలువి.

మా మండలంలోనే దుగరాజపట్నం ఉంది. మద్రాసు కంటే ముందే ఈస్టిండియా కంపెనీ వాళ్ళు వ్యాపారానికి దిగిన రేవు. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో దాని పేరుంది. కేంద్రమే పెద్ద పోర్టు కడుతుంది, మొదటి దశ 2018 చివరికి పూర్తి చేస్తుంది అని. చట్టం కాంగ్రెస్ తెచ్చింది, బీజేపీ మద్దతిచ్చింది, అమలు చేయాల్సింది 2014 నుంచి ఢిల్లీలో ఉన్న బీజేపీ. పక్కన శ్రీహరికోట, పులికాట్ ఉన్నాయన్నారు, లాభసాటి కాదన్నారు, వేరే చోటు చూపించమన్నారు. ఇప్పుడు అక్కడే ఓడల తయారీ కేంద్రం అంటున్నారు. రావచ్చు, రాకపోవచ్చు. కానీ నాకు తెలిసి 2021లో మా ఊరికొచ్చిన ఒక్క ప్రచార రథం కూడా మైకులో ఈ పేరు ఎత్తలేదు.

రెండోది రొయ్య. మా నాన్న రెండు గుంటలు లీజుకి తీసుకుని వనామీ వేస్తాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఆ వారం మా ఇంట్లో అన్నం తిన్నది తక్కువ, ఫోన్‌లో కౌంట్ రేట్లు అడిగింది ఎక్కువ. నా సెమిస్టర్ ఫీజు కట్టాల్సింది కూడా ఆ గుంటల్లోంచే. ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగేది రాష్ట్రం కాదు, కేంద్రం. అంటే బీజేపీకి టీడీపీ, వైసీపీ ఇద్దరికీ లేని అవకాశం ఇక్కడుంది. వాకాడొచ్చి గుంట గట్టు మీద కూర్చుని, "సుంకం గురించి మేం ఇది చేస్తున్నాం, ఇది చేయలేకపోతున్నాం" అని చెప్పే నాయకుడు ఒక్కడొస్తే మా నాన్న ఫ్యాను సంగతి మర్చిపోయి వింటాడు.

కెనడాలో కూడా జరిగింది ఇదే అని నాకనిపిస్తుంది. ట్రంప్ సుంకాలు, 51వ రాష్ట్రం అనే మాటలు మొదలయ్యాక జనం అడిగిన ప్రశ్న మారిపోయింది. పోలియేవ్ పాత ప్రశ్నకే జవాబు చెబుతూ ఉండిపోయాడు. ఓటూల్ ఏమో నిన్న ఒక మాట, ఇవాళ ఒక మాట అని ఎవరికీ నమ్మకం కలిగించలేకపోయాడు. కాబట్టి మధ్యకు రావడం కూడా నాటకంగా చేస్తే పనికిరాదు. ఎలక్షన్ నెలలో మెత్తబడి, అయిపోగానే మళ్ళీ మొదలుపెడితే నా పక్క బెంచీవాడి అమ్మ నమ్మదు. ఆమెకి ఐదేళ్ళు చూపించాలి.

మా జిల్లా నుంచే వెంకయ్యనాయుడు గారు వచ్చారు. 1978లో, 1983లో ఉదయగిరి ఎమ్మెల్యే. ఆయన పార్టీ నచ్చనివాళ్ళు కూడా ఆయన ప్రాసల తెలుగు వినడానికి సభకి పోయేవాళ్ళని తాత చెప్పేవాడు. ఓటు తర్వాత సంగతి, ముందు వినడానికైనా మనుషులు రావాలి కదా.

అన్న మొన్న వీడియో కాల్‌లో మళ్ళీ అడిగాడు, "నువ్వైతే ఎవరికి వేస్తావురా?" అని. ఇంకా తేల్చుకోలేదన్నాను. మా ఊరికొచ్చి దుగరాజపట్నం పేరు తప్పు లేకుండా పలికి, నా ఫ్రెండ్ ఇంట్లో, మా ఇంట్లో రెండు చోట్లా టీ తాగే పార్టీ ఏదైనా సరే, నేను వింటాను. బీజేపీ అయినా వింటాను. మీ ఊళ్ళో ఎలా ఉందో రాయండి, వచ్చే సంచికలో కొట్లాడుకుందాం.