కొత్త కారు – ఏ హంగులు కావాలి, ఏవి వద్దు?



మన గ్రామాల నుండి చదువుకొని వెళ్లిన పిల్లలు ఎందరో ఇప్పుడు హైదరాబాదులోని హఫీజ్‌పేట్, మియాపూర్, కొండాపూర్‌లలో కాపురముంటూ హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ పట్టణంలో కలిసిపోయాయి. ఉద్యోగంలో కుదురుకున్న కొన్నాళ్లకు పిల్లల నోట ఒక మాట వస్తుంది: "నాన్నా, కారు కొందామనుకుంటున్నాను." మంచిదే. ముందు కట్టవలసిన సొమ్ములో కొంత పత్తి అమ్మిన డబ్బో, మిర్చి అమ్మిన డబ్బో అయి ఉంటుంది. గనుక ఈ విషయం పట్నంలోని కొడుకుది మాత్రమే కాదు, ఇంటిల్లిపాదిది.

కారు పేరు నిర్ణయించుకొని షోరూముకు వెళ్లిన తరువాతనే అసలు చిక్కు మొదలవుతుంది. ఒకే కారులో నాలుగైదు రకాలుంటాయి. అన్నిటికన్నా కింది రకానికీ పై రకానికీ రెండు మూడు లక్షల తేడా ఉండడం సాధారణం. పేపరు ప్రకటనలో వేసే ధర కింది రకానిది. షోరూములో అద్దంలా తుడిచి నిలబెట్టేది పై రకాన్ని. చూసింది ఒకటి, విన్న ధర మరొకటి.

ఈ పద్ధతి నేటిది కాదు. 1964 ఏప్రిల్ 17న అమెరికాలో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ అనే కారును 2,368 డాలర్ల ధరతో విడుదల చేసింది. ఇంజను మొదలుకొని రేడియో వరకు ఎవరికి కావలసింది వారు అదనపు సొమ్ము కట్టి చేర్చుకునేలా పెద్ద జాబితా ఇచ్చింది. మొదటి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా కార్లు అమ్ముడుపోయాయి. మన దేశంలో 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు చేతికిచ్చినప్పుడు ఇంత జాబితా లేదు. చాలాకాలం వరకు ఏసీ ఉన్నదా, లేనిదా అన్నదే పెద్ద ప్రశ్న.

మన యువకుల్లో కొందరికి స్పోర్ట్స్ కారంటే మోజు. వారికొక సంగతి చెప్పాలి. జర్మనీలోని పోర్షె కంపెనీ 911 కరేరా ఆర్‌ఎస్ అనే కారును 1973 మోడలుగా 1,580 తయారు చేసింది. పందెం కోసం బరువు తగ్గించినది ఒక రకం, మామూలు ప్రయాణానికి సౌకర్యాలు పెట్టినది మరొక రకం. కొన్నవారిలో 1,300 మందికి పైగా సౌకర్యాలున్నదే తీసుకున్నారు. పందెపు కారు కొనేవారు కూడా తాము రోజూ నడిపే దారిని చూసుకున్నారన్నమాట.

కాబట్టి మొదటి ప్రశ్న: ఈ కారు ఏ దారిన తిరుగుతుంది? హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కితే తరువాతి స్టేషనే హైటెక్ సిటీ. ఆఫీసుకు రైలు సరిపోయేవారికి కారు పని ఆదివారాలకు, పెద్దవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి, పండుగకు ఊరు రావడానికి. అటువంటివారు నేల నుండి ఎత్తు, వెనుక సీటులో చోటు, డిక్కీ, పూర్తి సైజు స్టెప్నీ చూసుకోవాలి. సీఎన్‌జీ రకమైతే సిలిండరు డిక్కీలో ఎంత చోటు తీసుకుంటుందో తెరిచి చూడాలి. రోజూ కొండాపూర్, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గంటల తరబడి నడిపేవారికి ఆటోమేటిక్ గేరు మీద పెట్టిన డబ్బు దండుగ కాదు.

రెండవ ప్రశ్న: తరువాత చేర్చుకోలేనిది ఏది? దీన్ని ముందే కొనాలి. ఎయిర్‌బ్యాగులు, మలుపులో బండి జారకుండా ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసే ఈఎస్‌సీ, వెనుక సీటులో ముగ్గురికీ బెల్టులు, పిల్లల సీటు బిగించే కొక్కేలు – ఇవి బయట షాపులో పెట్టించుకునేవి కావు. 2019 నుండి ఏబీఎస్ బ్రేకులు, డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు, 2022 మొదలు పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగు ప్రతి కొత్త కారులో తప్పనిసరి. అంతకు మించినవి రకాన్ని బట్టి ఉంటాయి. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్షలో కార్లను గుద్దించి చూసి, పెద్దలకు, పిల్లలకు వేరువేరుగా నక్షత్రాలు ఇస్తున్నారు. మీరు కొనే కారుకు ఎన్ని వచ్చాయో అడగండి. అయితే బెల్టు పెట్టుకోనివారిని ఏ ఎయిర్‌బ్యాగూ కాపాడదు. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఎంతో ఖరీదైన కారులో, వెనుక సీటులో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ మరణించారు.

మూడవ ప్రశ్న: తరువాత చేర్చుకోగలిగినది ఏది? సీటు కవర్లు, మ్యాట్లు, పాటల పెట్టె, వెనుక కెమెరా ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు. కాని బయట వైర్లు కోయిస్తే వారంటీకి అడ్డు రావచ్చు; ముందే కనుక్కోండి. పైకప్పు అద్దం మన మే నెల ఎండలో ఎన్నిసార్లు తెరుస్తాం? పెద్ద అల్లాయ్ చక్రాలకు పలుచని టైర్లు వస్తాయి. గుంతల దారిలో దెబ్బ తినేవి అవే. ఇనుప చక్రం వంగితే ఊళ్లోనే సరిచేయిస్తారు. ముందు భాగానికి ఇనుప గార్డు అసలు వద్దు. అది చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు తెలియజేసింది. పాదచారికి ప్రాణాపాయం, ఎయిర్‌బ్యాగుకూ ఆటంకం.

ఇక లెక్క చూద్దాం. పై రకం కోసం అదనంగా లక్ష రూపాయలు అప్పు చేశామనుకోండి. 9 శాతం వడ్డీకి 5 ఏళ్లయితే నెలకు సుమారు 2,076 చొప్పున మొత్తం 1,24,500 దాటుతుంది. 7 ఏళ్లకు సాగదీస్తే నెలకు 1,609కి తగ్గినట్లు కనిపిస్తుంది గాని, మొత్తం 1,35,000 అవుతుంది. పన్ను కూడా చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుండి 4 మీటర్లు దాటని, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతం. పెద్ద ఇంజనుకు 40 శాతం. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ శాతం కూడా బండి ధరను బట్టి పెరుగుతుంది. 10 లక్షల దగ్గర ఒక మెట్టు ఉంది. ఒక చిన్న హంగు కోసం ఆ గీత దాటితే మొత్తం ధర మీద ఎక్కువ శాతం పడుతుంది. 10 లక్షలు దాటితే డీలరు మరొక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేసినవారు దాన్ని లెక్కలో సర్దుకోవచ్చు.

బుకింగ్ ఫారం మీద సంతకం పెట్టే ముందు రకం పేరు, రంగు, తయారైన నెల, ఏడాది, అదనపు సామాన్ల ధర విడివిడిగా రాయించుకోండి. "ప్యాకేజీ" అంటే అందులో ఏముందో ఒక్కొక్కటి అడగండి. వద్దన్నది కొట్టివేయించడం సిగ్గు కాదు. బీమా డీలరు దగ్గరే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. నాలుగు చోట్ల ధర కనుక్కోవచ్చు. బయట పెట్టించిన విలువైన సామాను బీమా కంపెనీకి తెలియజేయకపోతే నష్టం వచ్చినప్పుడు దానికి పరిహారం రాదు.

గోపురం కట్టదలచినవాడు ముందు ఖర్చు చూసుకోవాలన్న ఉపమానం మనమెరిగినదే. షోరూములో నిలబడి ఏ ఖర్చూ సరిగా లెక్క తేలదు. గనుక ఇంటి దగ్గరే కాగితం తీసుకొని మూడు వరుసలు గీయండి: తప్పక కావలసినవి, తరువాత చూద్దామనేవి, వద్దనేవి. కారు నడిపేవారితోపాటు వెనుక సీటులో కూర్చునే అమ్మను, నానమ్మను కూడా అడిగి రాయండి. ఎక్కి దిగేటప్పుడు మోకాళ్ల నొప్పి ఎవరికో వారికే తెలుసు. ఆ కాగితం జేబులో పెట్టుకొని షోరూముకు వెళ్లండి.