బ్రెడ్ మెషిన్‌ని అటకెక్కించకండి

బ్రెడ్ మెషిన్ కొన్న ఇళ్లల్లో చాలాచోట్ల జరిగేది ఒకటే. అమెరికా నుంచి అమ్మాయి తెచ్చిందనో, పండగ డిస్కౌంటులో వచ్చిందనో ఇంట్లోకి వస్తుంది. మొదటిరోజు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. తీరా చూస్తే బ్రెడ్డు ఇటుకలా వస్తుంది, లేకపోతే నడిమధ్యలో గుంట పడుతుంది. రెండోసారీ అంతే. నెల తిరక్కుండా మెషిన్ అట్టపెట్టెలోకి, అక్కణ్ణించి అటక మీదికి! ఆ తర్వాత ఇల్లాలు ఏ వస్తువు కొందామన్నా, "ఇదీ ఆ బ్రెడ్ మెషిన్ లాగేనా?" అనే మాట పడాల్సిందే.

నిజానికి తప్పు మెషిన్‌దీ కాదు, మీదీ కాదండీ. పిండి పిసకడం, పొంగనివ్వడం, కాల్చడం అది చేస్తుంది. కానీ పిండి గట్టిగా ఉందా, జారుగా ఉందా అని చూసుకోవడం దానికి చేతకాదు. అది మనం చూడాలి. ఆ ఒక్కటీ పట్టుబడితే చాలు.

ఈ మెషిన్ పుట్టిన కథ వింటే మీకే తెలుస్తుంది. జపాన్‌లో మత్సుషితా కంపెనీ వాళ్లు ఇంట్లో వాడే బ్రెడ్ మెషిన్ తయారుచెయ్యబోతే, ఎంత ప్రయత్నించినా పిండి సరిగ్గా పిసకడం కుదరలేదట. ఆ బృందంలో ఉన్న ఇకుకో తనాకా అనే ఆవిడ ఒసాకాలో మంచి బ్రెడ్డుకి పేరున్న హోటలుకి వెళ్లి, అక్కడి పెద్ద వంటవాడి దగ్గర పని నేర్చుకుంది. ఆయన పిండిని ఊరికే కలపడం కాదు, మెలిపెట్టి సాగదీస్తున్నాడని కనిపెట్టింది. ఆ సాగుడు రావడానికే గిన్నె లోపలి గోడలకి ఉబ్బెత్తు పట్టీలు పెట్టారు. 1987లో ఆ మెషిన్ అమ్మకానికి వచ్చింది. మీ గిన్నె లోపల తడిమి చూడండి, అలాంటి గట్లు మీకూ తగలొచ్చు.

ఇక మన పనిలోకి వద్దాం. మెషిన్ అమెరికాది అయితే ముందు దాని వెనకున్న చీటీ చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గు మార్చి నేరుగా పెట్టారా, మెషిన్ కాలిపోతుంది. మెషిన్ మీద రాసిన వాట్ల కంటే ఎక్కువ తట్టుకునే ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఎలక్ట్రీషియన్‌ని అడిగి కొనండి. మన దేశంలో కొన్నదైతే ఈ బాధ లేదు, ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గులో పెడితే చాలు.

కావలసినవి: మైదా 400 గ్రాములు, నీళ్లు 240 మిల్లీలీటర్లు, నూనె లేక వెన్న రెండు టేబుల్ స్పూన్లు, పంచదార ఒకటిన్నర టేబుల్ స్పూను, ఉప్పు ఒక టీ స్పూను, ఇన్‌స్టంట్ డ్రై ఈస్టు ఒకటింపావు టీ స్పూను.

వేసే వరస: ముందు నీళ్లు, నూనె, ఉప్పు, పంచదార. వాటి మీద నీళ్లు కనపడకుండా మైదా. పైన వేలితో చిన్న గుంట చేసి అందులో ఈస్టు. కొన్ని మెషిన్లకి ఈస్టు ముందు వెయ్యమని ఉంటుంది, మీ పుస్తకంలో ఎలా ఉంటే అలా చెయ్యండి. పిండి మాత్రం గ్లాసుతో కొలవద్దు, తూకం వెయ్యండి. అదిమి పోస్తే ఒక లెక్క, వదులుగా పోస్తే ఇంకో లెక్క వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. బటన్ నొక్కి టీవీ ముందుకి వెళ్లిపోకండి. పిసకడం మొదలై అయిదారు నిమిషాలయ్యాక మూత తెరిచి చూడండి, పిసికేటప్పుడు తెరిస్తే ఏమీ కాదు. రెక్క ఆగినప్పుడు వేలితో నొక్కి చూడాలి. ముద్ద గుండ్రంగా, నున్నగా, చెవి తమ్మెంత మెత్తగా ఉండాలి. గిన్నెకి అంటుకుని జారిపోతుంటే ఒక స్పూను మైదా చల్లండి. పొడి ముక్కలుగా ఉండి మెషిన్ మూలుగుతుంటే ఒక స్పూను నీళ్లు పొయ్యండి. మళ్లీ రెండు నిమిషాలు చూసి, కావాలంటే ఇంకో స్పూను. పూరీ పిండికి మనం రోజూ చేసే పనే కదా! ఆ తర్వాత మాత్రం మూత ముట్టుకోవద్దు. పొంగేటప్పుడు తెరిస్తే వెచ్చదనం పోతుంది.

గోధుమపిండి అయితే నీళ్లు ఎక్కువ లాగుతుంది. 400 గ్రాములకి 290 దాకా పడతాయి. ఊక ఉంటుంది కాబట్టి మైదా అంత పొంగదు. అలవాటయ్యేదాకా సగం మైదా, సగం గోధుమపిండి వేసుకుంటే ఇంట్లో వాళ్లు వంక పెట్టరు.

ఇక మన ఎండాకాలం సంగతి. మే నెల మధ్యాహ్నం పైన ట్యాంకు నీళ్లు ముట్టుకుంటే చురుక్కుమంటాయి. బాగా వేడి నీళ్లలో ఈస్టు చచ్చిపోతుంది, గోరువెచ్చనైతే అవసరం కంటే తొందరగా పొంగించేస్తుంది. అప్పుడు పైకి లేచిన బ్రెడ్డు కాలేలోపే కుంగిపోతుంది. గుంట పడేది చాలాసార్లు ఇందువల్లే. కుండలో చల్లటి నీళ్లు పొయ్యండి, ఈస్టు పావు వంతు తగ్గించండి. పొద్దున్నకి వేడిగా దొరుకుతుందని రాత్రి టైమరు పెట్టేవాళ్లు పాలు, పెరుగు, గుడ్డు వెయ్యొద్దు, తెల్లారేసరికి పాడవుతాయి. పాలపొడి వేసుకోండి. ఈస్టు పొట్లం విప్పాక గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. అనుమానంగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు పంచదార, కాస్త ఈస్టు వేసి చూడండి. పది నిమిషాల్లో నురగ రాకపోతే అది పనికిరాదు.

మా ఇంట్లో ఈ మెషిన్ అటకెక్కకపోవడానికి కారణం మా మామగారు. పళ్లు లేవు, రాత్రిపూట పాలల్లో నానేసిన బ్రెడ్డే ఆయన భోజనం. డాక్టరుగారు ఉప్పు తగ్గించమన్నారు. బజారు బ్రెడ్డులో ఉప్పు ఎంత వేశారో మన చేతిలో ఉండదు కదా! ఇంట్లో అయితే అర స్పూనుతో సరిపెడుతున్నాను. మీలో ఎవరైనా ఇలా చెయ్యాలంటే ఒకటి గుర్తుంచుకోండి. ఉప్పు రుచికే కాదు, ఈస్టుకి కళ్లెం కూడా. ఉప్పు తగ్గిస్తే ఈస్టూ కాస్త తగ్గించాలి, లేకపోతే పొంగి కూలిపోతుంది. "ఇవాళ మెత్తగా ఉందమ్మా" అని ఆయన అన్న రోజున నాకూ తృప్తిగా ఉంటుంది.

మధ్యలో కరెంటు పోతే? కొన్ని మెషిన్లు కొద్ది నిమిషాలపాటు తమ పని గుర్తుపెట్టుకుంటాయి. అంతకంటే ఆలస్యమైతే కంగారుపడకండి. పిండి తీసి ఉండలు చేసి, మందంగా ఒత్తి, పెనం మీద మూతపెట్టి సన్నసెగన రెండువైపులా కాల్చండి. కూరతో తింటే భలే ఉంటాయి. కాలేటప్పుడు పోతే మూత తియ్యకుండా వదిలెయ్యండి. కరెంటు వచ్చాక కాల్చడం ఒక్కటే ఉన్న బటన్‌తో మిగతాది కానివ్వండి.

బ్రెడ్డు అవ్వగానే గుడ్డతో పట్టుకుని గిన్నెలోంచి తీసేయాలి. లోపలే ఉంచితే ఆవిరి పట్టి అడుగు చెమ్మగిల్లుతుంది. జల్లి మీద గంటసేపు ఆరాకే కొయ్యండి. వేడిమీద కోస్తే ముద్దయిపోతుంది. రెక్క బ్రెడ్డులో ఇరుక్కుంటే చెక్కపుల్లతో లాగండి, చాకు పెట్టొద్దు. గిన్నెలోనే పట్టేస్తే లోపల వేడినీళ్లు పోసి పావుగంట ఉంచితే వదులుతుంది.

గిన్నెని అంట్లలో వేసి నీళ్లలో నానబెట్టకండి. అడుగున ఇరుసు దగ్గర నీళ్లు దిగకుండా రబ్బరు బిళ్ల ఉంటుంది, అది పాడైతే నీళ్లు కారడం మొదలవుతుంది. పీచు, స్టీలు స్క్రబ్బరు తగలనివ్వొద్దు, పూత లేచిపోతుంది. పనమ్మాయికి కూడా ఈ మాట ముందే చెప్పండి. మెషిన్ చల్లారాక, ప్లగ్గు తీసి, లోపల రాలిన పిండిని తడిగుడ్డతో తుడవండి. లేదంటే మళ్లీసారి మాడు వాసన, ఈలోపు చీమలు, బొద్దింకలు! ఒకదాని వెంట ఒకటి పిసికించకుండా అరగంట విశ్రాంతి ఇవ్వండి.

రోజూ బ్రెడ్డు తినకపోయినా, పిండి కలిపే బటన్ ఒక్కటి వాడుకున్నా చేతులకి ఎంతో సుఖం. పూరీ పిండి, బొబ్బట్ల తోపు పిండి అందులో చక్కగా కలుస్తాయి. కాకపోతే పుస్తకంలో చెప్పిన కొలత మించి వెయ్యొద్దు.

మీ మెషిన్‌తో మీకొచ్చిన చిక్కులేమిటో రాయండి. వచ్చే వారం మిగిలిపోయిన బ్రెడ్డు ముక్కలతో ఏమేం చేసుకోవచ్చో చెప్పుకుందాం.