గిన్నెలో డెబ్బై వేలమంది

పిల్లలూ! మన రామచంద్రపురం చుట్టుపక్కల చెరువు తవ్వేటప్పుడు చూశారా? తవ్వితీసిన మన్నును దూరంగా మోసుకుపోరు, చుట్టూ గట్టుగా పోస్తారు. నాలుగడుగులు తవ్వి, గట్టు ఇంకో నాలుగడుగులు లేపితే, పైన నిలబడినవాడికి ఎనిమిది అడుగుల లోతు కనిపిస్తుంది.

ఈ ఉపాయంతోనే అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారు 1914లో ఒక ఫుట్‌బాల్ క్రీడారంగం కట్టారు. న్యూ హేవెన్ అనే ఊళ్ళో ఉన్నది. దాని పేరు యేల్ బౌల్. బౌల్ అంటే గిన్నె. (అక్కడి ఫుట్‌బాల్ మన ఆట కాదు సుమా! బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. కాలితో తన్నడం తక్కువ, చేత పట్టుకుని పరుగెత్తడం ఎక్కువ.)

యేల్ అనే పేరు మనకు బొత్తిగా పరాయిది కాదు. ఎలీహు యేల్ అనే ఆయన 1687 నుంచి 1692 వరకు మద్రాసు కోటలో ఈస్టిండియా కంపెనీ గవర్నరు. అక్రమంగా ఆర్జించాడన్న ఆరోపణలమీద ఆ పదవి పోయింది. ఆ కంపెనీకే మన నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో బట్టల వ్యాపారస్థావరం ఉండేది. ఇంగ్లండు చేరిన యేల్, 1718లో అమెరికాలోని ఆ కళాశాలకు 417 పుస్తకాలు, తొమ్మిది బేళ్ళ సరుకు పంపాడు. సరుకు అమ్మగా 562 పౌన్లు వచ్చాయి. కళాశాలకు ఆయన పేరు పెట్టేశారు!

ఇక గిన్నె సంగతి. ఇంజనీరు చార్లెస్ ఫెర్రీ నేలను సుమారు 27 అడుగులు తవ్వించి, ఆ మన్నునే చుట్టూ దాదాపు అంత ఎత్తున పోయించాడు. లోపలి వాలుమీద కాంక్రీటు అరుగులు వేశారు. మొదట్లో 70,896 మంది కూర్చునేవారు. మన డెల్టాలో అంత లోతు తవ్వితే నీరు ఊరి, ఆటస్థలం కాస్తా చేపల చెరువైపోతుంది!

ఇందులో అసలు విశేషం జనం క్షేమం. అంతకుముందు అక్కడ ఉండేవి చెక్క గ్యాలరీలు. స్కాట్లాండులో గ్లాస్గో నగరాన, ఐబ్రాక్స్ మైదానంలో 1902 ఏప్రిల్ 5న అటువంటి గ్యాలరీ విరిగి 25 మంది చనిపోయారు. అంత దూరం ఎందుకు? 2021 మార్చి 22న మన సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు కట్టిన గ్యాలరీ కూలి, వందమందికి పైగా గాయపడ్డారు. కర్రలమీద నిలిపిన గ్యాలరీ కింద ఉన్నది ఖాళీ. గిన్నెలో అరుగు కింద ఉన్నది మన్ను. అది విరగదు.

రెండో విశేషం ద్వారాలు. గట్టులోనుంచి 30 సొరంగాలు ఉన్నాయి. వీధిలోనుంచి నడిచి వచ్చినవాడు గిన్నెకు సరిగ్గా నడుమ తేలతాడు. సగంమంది కిందికి దిగుతారు, సగంమంది పైకెక్కుతారు. ఇప్పుడు పలక తీయండి. 70,000 మంది, 30 దారులు. ఒక్కొక్క దారిలో సెకనుకు ముగ్గురు చొప్పున బయటపడితే ఎంతసేపు? పదమూడు నిమిషాలు. అదే నాలుగే దారులుంటే? గంటన్నర దాటుతుంది! నిప్పు అంటుకున్ననాడు గంటన్నర ఎవరు ఆగగలరు? తల్లిదండ్రులు కూడా ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

1927లో మిచిగన్ విశ్వవిద్యాలయం కూడా క్రీడారంగాన్ని ఇలాగే నేలలోకి దించి కట్టింది. అందులో నేడు లక్షా ఏడువేలమందికి పైగా కూర్చోవచ్చు. యేల్ గిన్నెలో ఇప్పుడు స్థలాలు 61,446 మాత్రమే. 1987లో దానిని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు.

మరి మొదటి ఆట ఎవరు గెలిచారంటారా? 1914 నవంబరు 21న, యేల్ వారి సొంత గిన్నెలో, హార్వర్డ్ వారు వచ్చి 36–0తో గెలిచి వెళ్ళారు!